లైట్ నావెల్ చదవాల్నా, మాంగాతోనే సరిపెట్టుకోవాల్నా?

దేవరకొండ_ప్యాసింజర్
అన్నలు, అక్కలు, జర చెప్పున్రి. నేను రోజు దేవరకొండ నుంచి నల్గొండకు బస్సుల పోయొస్త, పోను రాను మూడు గంటలు ఫోనే దిక్కు. డిగ్రీ దాక తెలుగు మీడియం, ఇంగ్లీష్‌ల లైట్ నావెల్ (జపాన్‌ల వచ్చే చిన్న నవల) పట్టుకుంటే ఒక్క పేజీకి పది నిమిషాలు, గందుకని ఆ నవలల కథకే బొమ్మలు గీసిన మాంగాలే (జపాన్ కామిక్స్) చదువుతున్న. "సో ఐ యామ్ ఎ స్పైడర్, సో వాట్?" మాంగా మస్తు నచ్చి దోస్తుగాడికి కథ అంత చెప్తే వాడు నవ్విండు, నువ్వు సగం కథనే చదివినవ్‌రా అన్నడు. గుండె కలుక్కుమన్నది. అన్ని మాంగాలు గిట్లనే కోతకోస్తరా? ఇప్పుడు "అసెండెన్స్ ఆఫ్ ఎ బుక్‌వర్మ్" మొదలువెడదాం అనుకుంటున్న, ముందుగాలనే అడుగుతున్న.

బాదేపల్లి_పల్లికాయ
తమ్మీ, నీ దోస్తు చెప్పింది నిజమే. ఆ నావెల్‌ల సచ్చి ఇంకో లోకంల సాలీడై పుట్టిన పిల్ల కథ ఒక దిక్కు, మనుషులుగ పుట్టిన ఆమె క్లాస్‌మేట్ల కథ ఇంకో దిక్కు నడుస్తది, మాంగాల మనుషుల దిక్కు దాదాపు తీసేసి సాలీడునే పట్టుకున్నరు. మాంగాగా చూస్తే అది మంచిగనే కుదిరింది, ఉర్కుతది, నవ్వొస్తది, గని రెండు దిక్కులు కలిసేకాడ నావెల్‌ల వచ్చే దెబ్బ నీకు తగల్దు. అనిమేల (కదిలే బొమ్మల సీరియల్, 2021) రెండు దిక్కులు ఉంటయి, చదువుడు కష్టమైతే అది చూడు.

నాకైతే "స్పైస్ అండ్ వుల్ఫ్" కాడ తెలిసింది అసలు లెక్క. మా నాయిన అడ్తి దుకాణంల పనిచేసేటోడు, నా చిన్నప్పుడంత పల్లికాయ రాశుల మీదనే గడిచింది, బేరమంటే ఏందో నాకు బాగ ఎరుక. ఆ నావెల్‌ల లారెన్స్ అనే వ్యాపారి వెండి నాణెంల వెండి ఎంతుంది, రేపు పెరుగుతదా తగ్గుతదా అని లోపట్లోపటనే లెక్కలు కట్టుకుంట ఉంటడు, ఎదుటోని మాటల అబద్ధం ఏడ దాక్కున్నదో వెతుకుతడు, గదంత చదువుతుంటే అచ్చం మార్కెట్ యార్డుల నిలబడ్డట్టే ఉంటది. మాంగాల అదే లెక్క మాటల బుడగలల్ల కుక్కిన్రు, ఒక్కోపారి బొమ్మ కన్న అక్షరాలే ఎక్కువ. గని లారెన్స్ వెంట తిరిగే తోడేలు దేవత హోలో చెవులు, తోక! అబద్ధమాడుతుంటే మొఖం ఒకటి చెప్తది, తోక ఇంకోటి చెప్తది, నావెల్‌ల ఒక ముక్కల అనేసి పోయేది కోఉమె కెయిటో మాంగాల గీస్తే మన కండ్ల ముందటికి వస్తది. నావెల్ 2006ల మొదలై 2011 వరకు 17 వాల్యూమ్‌లు వచ్చింది, మాంగా 16 వాల్యూమ్‌లకే ఆగింది. లెక్కకు దగ్గర్నే అనిపిస్తది గని మాంగా వాల్యూమ్‌ల అంత సరుకు పట్టదు గదా, చానా కథ బయటనే ఉండిపోయింది.

నకిరేకల్_అక్క
బుక్‌వర్మ్ సంగతి నన్నడుగు తమ్మీ, రెండు చదివిన.

మాంగాతో మొదలువెట్టు, భయపడకు. మొదటి పార్టు నావెల్‌ల మూడు పుస్తకాలు, సుజుకా గీసిన మాంగాల అదే ఏడు పుస్తకాలు, అంటే కోసుడు ఏం లేదు, ఇంకా సాగదీసిండ్రు అని తిట్టేటోళ్లు ఉన్నరు. పుస్తకాల పిచ్చి ఉన్న పిల్ల చచ్చిపోయి, పుస్తకాలు పెద్దోళ్ల ఇండ్లల్లనే ఉండే లోకంల రోగిష్టి పోరిగ పుడతది, ఇగ కాయితం నేనే చేసుకుంట అని పట్టుబడతది. మట్టి పలకలు చేస్తే కాల్చేకాడ పగులుతయి, కట్టె ముక్కల మీద రాసుకుంటే తల్లి పొయ్యిల పెట్టేస్తది. (ఆ పోరి మన దిక్కు పుట్టి ఉంటే తాటాకులు కోసుకొని రెండో చాప్టర్‌లనే కథ ఒడగొట్టేది.) ఈ చేతిపనులన్ని మాటలల్ల కంటే బొమ్మలల్లనే బాగ సమజవుతయి. తల్లి మొఖంల అలసట, ఇంట్ల ఇరుకు, గవి గూడ మాంగాలనే నాకు ఎక్కువ తగిలినయి.

తక్లీఫ్ తర్వాత వస్తది. కథ ఐదు పార్టులు, నావెల్ 33 వాల్యూమ్‌లతోని 2023 డిసెంబర్‌ల ఒడిసింది. గా మెల్లగ గీస్తే తాతలైతం అనుకున్నరేమో, రెండో పార్టు ఒడవకముందే మూడోది నామినో ర్యోకు, నాలుగోది కత్సుకి హికారుకు ఇచ్చి పక్కపక్కన నడిపిన్రు. చేతులు మారినయి గద, మొదటి రెండు పేజీలు ఎవ్వలు ఎవ్వలో పోల్చుకోవాలె, తర్వాత అలవాటైతది.

దేవరకొండ_ప్యాసింజర్
అక్కా, తాటాకు మాటకు బస్సుల పక్కాయన ఉలిక్కిపడేటట్టు నవ్విన 😂

ఒగ్గుకథ_ఫ్యాన్_పాలమూరు
మీరంత మాంగా అంటే ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నరు. "అపోథెకరీ డైరీస్" చూడున్రి, ఒక్క నావెల్‌కు రెండు మాంగాలు, రెండూ 2017లనే మొదలైనయి, పబ్లిషర్లు గూడ వేరే. నెకోకురాగె గీసిన దాంట్ల మందులు, విషాల పిచ్చి ఉన్న హీరోయిన్ మావోమావో మొఖాలు చూస్తే కడుపుబ్బుతది, విషం కనపడంగనే కండ్లు మెరుసుడు గిట్ల. కురాతా మినోజి దాంట్ల అంత మెరుపు లేదు గని ఎవలు ఎందుకు చేసిన్రు అనే చిక్కుముడి నిదానంగ విప్పుతది. మల్లన్న కథ రెండు ఒగ్గు బృందాలు చెప్తే ఒకరు డోలు మీద దుంకిపిస్తరు, ఇంకొకరు మాట మీద ఏడిపిస్తరు, ఎవల్ది తప్పు అంటవ్? నేను రెండూ చదివిన, ఒక్కదాన్ని వదులుమంటే వదల.

గద్వాల్_మొండోడు
అందరు తీపి మాటలే చెప్తున్నరు. చానా మాంగాలు నావెల్ అమ్ముకునేతందుకు వేసిన పోస్టర్లే, అనిమే అయిపోంగనే సప్పుడు ఉండదు. "హరుహి సుజుమియా" నావెల్‌కు 2004ల ఒకలు మాంగా మొదలువెడితే ఆ ఏడే ఆగింది, మళ్ల 2005ల త్సుగానో గాకు మొదటి నుంచి గీయాల్సొచ్చింది. ఒడిసిన కథ కావాలంటే "ఆల్ యు నీడ్ ఈజ్ కిల్" చదువు. 2004ల ఒక్కటే నావెల్, 2014ల "డెత్ నోట్" మాంగా గీసిన ఒబాతా రెండే వాల్యూమ్‌లల్ల మొత్తం దింపిండు. సచ్చుడు, మళ్ల అదే పొద్దుకు లేసుడు, మాట అవసరమే పడదు. నల్గొండ ఒక్కపారి పోయొచ్చేలోపు ఒడుస్తది.

నకిరేకల్_అక్క
మొండోడా, అది బస్సుల చదివితే తమ్మి స్టాప్ దాటిపోతడు.

దేవరకొండ_ప్యాసింజర్
సరే, బుక్‌వర్మ్ మొదటి పార్టు మాంగా మొదలువెట్టిన. మట్టి పలకలు ఇప్పుడే పగిలినయి. సాలీడు నావెల్ గూడ తెరిచిన, మనుషుల చాప్టర్లే ముందు చదువుదామని, ఏడు పేజీలు అయినయి, నలభై మాటలు డిక్షనరీల చూసిన. రేపు సీటు దొరికితే ఇంకో ఏడు.