పొందు సేసెదో, పొత్తు సేసెదో?

ఉత్పల: స్కాట్లండ్‌లో 2021 ఆగస్టులో ఎస్ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ), గ్రీన్స్ పార్టీ పాలనలో కలిసి నడవడానికి కుదుర్చుకున్న బ్యూట్ హౌస్ ఒప్పందం మీద వ్యాసం రాస్తున్నాను. వాతావరణం, ఇళ్లు నా వ్యాసానికి రెండు కళ్లు. శీర్షికకు తిరుపతి వేంకట కవుల శ్రీకృష్ణ రాయబారం పద్యం 'చెల్లియొ చెల్లకో'లో మూడో పాదం పెట్టాలని ఉంది. 'పిల్లలు పాపలుం బ్రజలు పెంపు వహింపగ' దాకా వచ్చి ఆగిపోతున్నాను. తర్వాత 'పొందు సేసెదో'నా, 'పొత్తు సేసెదో'నా? రెండు రోజులుగా రెండూ నోట్లో నానుతున్నాయి.

అరసున్న: 'పొందు'. ఇందులో చర్చేముందండీ? స్టేజీ మీద ఈ పద్యం విన్నవాళ్లను అడగండి. 'పొం' దగ్గర గొంతు సాగుతుంది. 'పొత్తు' అయితే ద్విత్వం దగ్గర తెగిపోతుంది, రాగానికి చోటే ఉండదు.

గణదృష్టి: గొంతు సాక్ష్యం చాలదు. 'పొందు సే', 'పొత్తు సే' రెండూ రగణాలే. యతి పి-పెం దగ్గరే తీరిపోయింది, ప్రాస ల్లకారం. కాబట్టి ఛందస్సు ఈ తగువు తీర్చదు. మీరు 'పాపలుం' అని సున్న ఉంచారు, అందుకు సంతోషం. చాలామంది 'పాపలు ప్రజలు' అని రాసి రెండో గణాన్ని చంపేస్తున్నారు.

పాతప్రతి: పద్యంలో పొందే. కానీ వ్యాసానికి పొత్తే నప్పుతుంది. సుమతి శతకంలో 'పాలసుడగువాని పొందు' గుర్తుందిగా, పాలలో నీళ్లు కలిసి పాలలాగే కనబడతాయి. పొందులో కలిసిపోవడం ఉంది, పొత్తులో ఎవరి వాటా వారిది. బ్యూట్ హౌస్‌లో ఎవరూ కలిసిపోలేదు. విమానయానం, నాటో, ఫీజులు కట్టే ప్రైవేటు బడులు, జీడీపీ వృద్ధి పాత్ర లాంటివి ముందే పక్కన పెట్టుకున్నారు, వాటి మీద ఎవరి మాట వారిదే. గ్రీన్స్ నాయకులు పాట్రిక్ హార్వీ, లోర్నా స్లేటర్ మంత్రులయ్యారు గానీ కేబినెట్ సభ్యులు కారు.

నిఘంటుప్రియ: పాతప్రతి గారూ, ఈ రోజు పేపరు చదివేవాడికి పొత్తు అంటే ఎన్నికల ముందు సీట్లు పంచుకోవడం. ఇది ఫలితాల తర్వాత కుదిరింది. స్కాట్లండ్ పార్లమెంటు 129 సీట్లలో ఎస్ఎన్‌పీకి 64, గ్రీన్స్‌కు 8, అందులో ఒకరు సభాధ్యక్షురాలయ్యాక 7. పూర్తి సంకీర్ణం కాదు, ఉత్త బయటి మద్దతూ కాదు. విశ్వాస తీర్మానానికి, బడ్జెట్‌కు అండగా ఉంటామన్నారు, పాలనలో చోటు తీసుకున్నారు. కృష్ణుడు రెండో పాదంలోనే 'సంధి సేయ' అన్నాడు. సంధి అనేయండి.

అరసున్న: సంధి యుద్ధం చేసుకునేవాళ్ల మధ్య. వీళ్లిద్దరూ స్వాతంత్ర్యం కోరే పార్టీలే.

గణదృష్టి: మీరంతా పొందు దగ్గర ఆగిపోయారు గానీ, అసలు చిక్కు 'పెంపు'. పద్యంలో అది వృద్ధి. ఇళ్ల వ్యాసానికి 'పెంపు వహింపగ' అని శీర్షిక పెడితే అద్దెల పెంపు భరించమన్నట్టు చదువుతారు. అక్కడ 2022 సెప్టెంబరులో అద్దెలు స్తంభింపజేసి, 2023 ఏప్రిల్ నుంచి మామూలుగా 3 శాతం దాటకూడదన్నారు. పెంపును ఆపిన ప్రభుత్వానికి ఆ మాట ఎలా తగిలిస్తాం?

ఉత్పల: అది ఆలోచించాల్సిందే. నాకు మాత్రం 'పిల్లలు పాపలుం' వదలాలని లేదు. 2032 నాటికి 1,10,000 అందుబాటు ధర ఇళ్లు, అందులో కనీసం 70 శాతం సామాజిక అద్దెకు, 10 శాతం మారుమూల పల్లెలకు, దీవులకు అని రాసుకున్నారు. దీవిలో అద్దె ఇల్లు దొరక్క కొత్త కాపురం ఊరు విడిచిపోతే అక్కడి బడిలో పిల్లలు తగ్గిపోతారు. 'పెంపు'కు ఇంతకంటే సూటి అర్థం ఏముంటుంది?

పాతప్రతి: పొత్తు సంగతి వచ్చింది కాబట్టి, తిరుపతి వేంకట కవులను మించిన పొత్తు తెలుగులో ఉందా? 1920లో తిరుపతి శాస్త్రి గారు పోయాక కూడా చెళ్లపిళ్ల వారు జంట పేరుతోనే రాశారు. ఈ పద్యం ఇద్దరిలో ఎవరిదని అడిగేవాళ్లంటే నాకు కోపం. విడదీయకూడదనేగా ఆ పేరు పెట్టుకున్నారు!

నిఘంటుప్రియ: అయినా నడకలో తేడా తెలుస్తుంది. 'చెల్లియొ చెల్లకో' ఎత్తుగడ చెళ్లపిళ్ల వారిదేనని నా నమ్మకం.

పాతప్రతి: నమ్మకమే. నడకను బట్టి తేల్చేటట్టయితే అవధానాల్లో చెరో పాదం చెప్పిన పద్యాలను ఏం చేస్తారు?

అరసున్న: ఉత్పల గారూ, నాలుగో పాదం తీసుకోండి. 'ఎల్లి రణంబు గూర్చెదవొ.' 2024 ఏప్రిల్ 18న ప్రభుత్వం 2030కి 75 శాతం ఉద్గారాల కోత లక్ష్యం వదిలేసింది. గ్రీన్స్ సభ్యులు ఒప్పందంపై ఓటు వేసేలోపే, 25న ఎస్ఎన్‌పీ ఫస్ట్ మినిస్టర్ (ప్రభుత్వాధినేత) హమ్జా యూసఫ్ దాన్ని రద్దు చేశారు. గ్రీన్స్ అవిశ్వాసం వైపు తిరిగారు, 29న ఆయన రాజీనామా ప్రకటించారు. రణం వారానికే వచ్చింది.

గణదృష్టి: ఎల్లి అంటే రేపు. వారానికి ఎలా సరిపెడతారు?

అరసున్న: పద్యంలోని ఎల్లి గడియారం చూసి చెప్పిన రేపు కాదండీ, 'ఇక ముందు' అని.

నిఘంటుప్రియ: కాదు, రేపే. ఎల్లుండిలో ఉన్న ఎల్లి అదే. 'ఇక ముందు' అన్న అర్థంలో పాత కావ్యం నుంచి ఒక్క ప్రయోగం చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.