సమస్య: చీకటే వెలుంగుఁ జేతఁ బట్టె

నిర్వాహకుడు (పర్లాకిమిడి): రాత్రి కరెంటు పోయింది. మహేంద్రతనయ ఒడ్డున నిలబడితే పాలపుంత తేటగా కనిపించి ఈ పాదం నోట పడింది. కృష్ణజననాలు వద్దు. కంటికి కనిపించక బరువుతోనే తెలిసే కృష్ణపదార్థం గెలాక్సీలను పొదువుకుని ఉంటుంది కదా, ఆ పొదుగు పేరే హాలో. దాని మీదే పూరించండి.

నాగావళి (రాయగడ):

అంచునున్న చుక్క యలయక పరువిడె
నడిమి చుక్కతోడ నడక కలిపి
పట్టి నిలుపునట్టి బరువేది? కనరాని
చీకటే వెలుంగుఁ జేతఁ బట్టె

జయపురం మాస్టారు: ‘కనరాని’ దగ్గర పాదం ఆపి చీకటి మీదికి దూకించావు తల్లీ, పద్యం అక్కడే గెలిచింది. సూర్యుడి చుట్టూ భూమి సెకనుకు 30 కిలోమీటర్లు నడిస్తే ఎంతో దూరాన ఉన్న నెప్ట్యూన్ 5.4 మాత్రమే నడుస్తుంది. గెలాక్సీలో అంచు చుక్క అలా వెనకబడదు. ఖగోళ శాస్త్రజ్ఞులు వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడాలో చూపించింది ఈ ‘నడక కలిపి’నే.

బరంపురం బాబాయి:

చుక్కలున్న తట్ట చుట్టును గొడుగయి
కంటఁ బడని గుట్టు గాలి వోలె
వెలుఁగుకంటె నైదు రెట్లు బరువు గల్గు
చీకటే వెలుంగుఁ జేతఁ బట్టె

జయపురం మాస్టారు: మూడో పాదంలో యతి ఏది బాబాయ్? ‘వె’కి ‘రె’ చెల్లదు. ‘రిక్కకంటె’ అనండి, సరిపోతుంది.

బరంపురం బాబాయి: యతి కుదురుతుంది, లెక్క చెడుతుంది. ఐదు రెట్లన్నది చుక్కలూ వాయువూ అన్నీ కలిపిన మామూలు పదార్థంతో పోల్చి. రిక్కలను మాత్రమే తూస్తే చీకటి ఇంకా ఎన్నో రెట్లు. యతి కోసం అబద్ధం రాయలేను. సంక్రాంతి సమస్యలో మీరు నెలవంకను అర్ధరాత్రి నడినెత్తిన నిలబెట్టారు, అప్పుడూ ఇదే అన్నాను.

జయపురం మాస్టారు: అన్నారు. ఆ తప్పు నాదే.

నాగావళి: బాబాయిగారూ, నాకు యతికన్నా గొడుగు దగ్గరే పేచీ. బరువంతా గుండ్రటి గుల్లలా బయటే ఉంటే లోపలి చుక్కను ఏ వైపుకీ లాగదు. న్యూటన్ ఎప్పుడో తేల్చిన మాట. హాలో తట్టలోపల, అంటే చుక్కల చక్రం లోపల కూడా నిండి ఉంది, నడుమ చిక్కగా, బయటికి పోయేకొద్దీ పలచగా. చుక్క ఎంత దూరాన తిరిగితే దాని దారికి లోపలగా అంత ఎక్కువ బరువు పడుతుంది, వేగం తగ్గనిది అందుకే. ‘చుక్కలున్న తట్టఁ జొచ్చియు నిండియు’ అంటే?

బరంపురం బాబాయి: తీసుకున్నానమ్మా. గొడుగు ముడిచేశాను.

జయపురం మాస్టారు: ఇద్దరూ పట్టుకోవడమే చెప్పారు, చీకటి బరువు తవ్విన గుంటలో తట్ట ఎలా అల్లుకుందో చెప్పలేదు.

గుంటఁ దవ్వె మొదట, గూడెను వాయువు
చల్లఁబడుచుఁ దిరిగి చక్ర మయ్యె
బద్దవోలె సాగి పాడుగాకుండగా
చీకటే వెలుంగుఁ జేతఁ బట్టె

నాగావళి: రెండో పాదం చాలా బాగుంది. కానీ మన పాలపుంత నడుమా బద్ద, అంటే చుక్కల పొడుగాటి పట్టీ ఉంది మాస్టారూ, అది పాడైనట్టా? 1973లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఆస్ట్రైకర్, పీబుల్స్ చెప్పింది, హాలో తోడు లేని పలచటి చక్రం నిలవదని, త్వరగా బద్దగా సాగిపోతుందని. హాలో ఉన్నా బద్ద ఏర్పడవచ్చు.

జయపురం మాస్టారు: ‘బద్దవోలె వేగపడి సాగకుండగా’. ఇలా దిద్దుకుంటాను.

బరంపురం బాబాయి: ఇది నిలిచింది. నా ‘రెట్ల’కే ఇంకా యతి దొరకలేదు.