గురుగ్రహం మీద చారలు కనబడాలంటే ఏం చేయాలి?

మా పాప కోసం 70 మి.మీ. (ముందు లెన్స్ వెడల్పు) టెలిస్కోప్ కొన్నాం, ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే దూరం) 700 మి.మీ. పగలే దూరంగా ఉన్న సెల్ టవర్‌కి గురిపెట్టి ఫైండర్ (గురి చూసుకునే చిన్న గొట్టం) సరిచేశాను. 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే లెన్స్), అంటే 28 రెట్లలో, చందమామ మీది గుంతలు చూసి పిల్ల గంతులేసింది. ఆ సంతోషం చూడాల్సిందే!

గురుగ్రహం దగ్గరే ఇబ్బంది. దాని నాలుగు పెద్ద చందమామలు చుక్కల్లా కనిపిస్తున్నాయి. 10 మి.మీ. ఐపీస్, అంటే 70 రెట్లు, పెడితే మాత్రం గ్రహం తెల్లగా అలుక్కుపోయి వణుకుతోంది, చారలు కనబడవు. మాది తిరుపతిలో మిద్దె. ఎండకు కాగిన సిమెంటు రాత్రి పదింటికీ చల్లబడదు. కారణం ఆ వేడేనా, స్టాండు ఊగడమా, నేను ఫోకస్ తిప్పే తీరా? చంద్రగిరి దాటి చీకటి చోటికి తీసుకెళ్తే గ్రహాలకూ తేడా ఉంటుందా? ఆదివారం రాత్రి మళ్లీ చూపిస్తానని పాపకి మాటిచ్చాను, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.