అప్‌డేట్: స్క్రోల్ సా మీద ముక్క ఎగరడం ఆగింది

స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే రంపం యంత్రం) మీద 3 మి.మీ. ప్లైవుడ్ కోస్తుంటే ముక్క బ్లేడుతోపాటు లేచి టపటపా కొట్టుకుంటోందని గుంటూరు నుంచి అడిగాను కదా. అసలు కారణం: బ్లేడు తలకిందులుగా బిగించి ఉంది. పళ్లు కిందికి చూడాలి. ప్లగ్ పీకేసి బ్లేడును వేలితో మెల్లగా నిమరండి. కిందికి నునుపుగా, పైకి గరుకుగా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. రివర్స్ టూత్ రకంలో అడుగున కొన్ని పళ్లు పైకే ఉంటాయి, అవి చూసి తికమకపడొద్దు.

బ్లేడు బిగువు కూడా చాల్లేదు. బిగించాక ఇప్పుడు బ్లేడును పక్కకు నొక్కితే 3 మి.మీ. మించి కదలట్లేదు. ముక్క లేవకుండా పైనుంచి అదిమి పట్టే ప్రెజర్ ఫుట్‌ను కూడా ముక్కకు ఆనేలా దించాను. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి లాంటి మెత్తని చెక్క ఇట్టే తెగుతుంది, తోయనక్కర్లేదు. వేళ్లు బ్లేడుకు ఎదురుగా కాదు, పక్కలకు ఉండాలి. మరీ చిన్న ముక్కయితే పెద్ద ప్లై మీద డబుల్ టేపుతో అంటించి కోస్తున్నాను.