తెల్లగా కనిపించడం, తెల్లజాతివారిగా చెలామణి కావడం: రెండూ ఒకటేనా?

ప్రశ్న (సందేహజీవి)

అమెరికాలో నల్లజాతి కుటుంబాల్లో పుట్టి, మేని ఛాయ కారణంగా తెల్లజాతివారిగా చెలామణి అయినవారి గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. అక్కడ దీనిని ‘పాసింగ్’ అంటారు. జాతి విభజన చట్టాల కింద నలిగినవారు బతుకుతెరువు కోసం ఎంచుకున్న దారి అని దీనిపై సానుభూతి చూపుతారు. అదే సమయంలో, లేత ఛాయగలవారికి నల్లజాతి సమాజంలోనే దక్కే అదనపు మర్యాదను, అంటే కలరిజాన్ని, ఆ సమాజపు రచయితలే తీవ్రంగా తప్పుపడతారు. లాభం తెచ్చినది రెండుచోట్లా ఆ ఛాయే అయినప్పుడు, చెలామణి అయినవారిని బాధితులుగా చూడాలా, లబ్ధిదారులుగా చూడాలా?

జవాబు (పాతపుటలు)

ఛాయ ఒకటే అయినా అది పనిచేసే తీరు వేరండి. లేత రంగువల్ల వచ్చే లాభానికి ఎవరూ ఏదీ నిర్ణయించుకోనక్కరలేదు. తన వాళ్ల మధ్యనే ఉంటూ, చాలాసార్లు తనకే తెలియకుండా, మనిషి దానిని అందుకుంటాడు. చెలామణి కావడం మాత్రం ఒక నిర్ణయం, పైగా ప్రతి ఉదయం మళ్లీ తీసుకోవలసిన నిర్ణయం.

బెల్ డకోస్టా గ్రీన్ జీవితాన్ని చూడండి. న్యూయార్క్ బ్యాంకరు జె. పి. మోర్గాన్ గ్రంథసంచయాన్ని తీర్చిదిద్ది, 1924లో అది ప్రజాసంస్థగా మారినప్పుడు దానికి తొలి డైరెక్టరైన విదుషీమణి ఆమె. ఆమె తండ్రి రిచర్డ్ గ్రీనర్, హార్వర్డ్ కళాశాల నుంచి 1870లో పట్టా పొందిన తొలి నల్లజాతీయుడు. నల్లవారి హక్కుల కోసం బహిరంగంగా పనిచేసినవారు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లీపిల్లలు ఇంటిపేరు చివరి అక్షరాన్ని తీసివేసి ‘గ్రీన్’ అయ్యారు. తన ఛాయకు సంజాయిషీగా ఆమె పోర్చుగీసు పూర్వీకులను చెప్పుకున్నారు. చనిపోవడానికి ముందు తన సొంత కాగితాలను కాల్చివేశారు. ఆమెకు దక్కినది ప్రివిలేజ్ కాదని ఎవరూ అనలేరు, కాని దానికి చెల్లించిన మూల్యంలో కన్నతండ్రి పేరు కూడా ఉంది.

సాధారణంగా ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఒక్కరు చెలామణి కావాలంటే, నిజం తెలిసిన బంధువులందరూ నోరు మూసుకోవాలి. ముదురు ఛాయగల చెల్లెలు వీధిలో అన్న ఎదురైనా పలకరించకుండా తల తిప్పుకొని వెళ్లిపోవాలి. లాభం ఒకరిది, మౌనం అందరిది. బాధితులా, లబ్ధిదారులా అని ఆ ఒక్కరి గురించే అడిగితే, ఈ చెల్లెలు లెక్కలోకే రాదు.

జవాబు (న్యాయశాస్త్ర విద్యార్థి)

పాతపుటలు గారి మాటకు కొంత చేర్పు, కొంత అభ్యంతరం. ఆ ఛాయతో చేయగలిగినది విడిచి వెళ్లడం ఒక్కటే కాదు. 1848లో ఎలెన్ క్రాఫ్ట్ తెల్లజాతి యజమానిగా మగవేషం వేసి, భర్త విలియంను తన సేవకుడిగా చూపిస్తూ, జార్జియా నుంచి ఫిలడెల్ఫియాకు రైళ్లలో, ఓడల్లో ప్రయాణించి బానిసత్వం నుంచి ఇద్దరినీ బయటపడవేసింది. చదువు రాదు కనుక సంతకం అడగకుండా చేతికి కట్టు కట్టుకుంది.

హోమర్ ప్లెసీ పూర్వీకులలో ఎనిమిదింట ఏడు పాళ్లు తెల్లవారే. రైళ్లలో జాతి విభజన చట్టాన్ని కోర్టులో సవాలు చేయడానికి, 1892లో న్యూ ఆర్లియన్స్‌లో ఆయన తెల్లవారి రైలుపెట్టెలో కూర్చుని, తాను నల్లజాతివాడినని ముందస్తు ఏర్పాటు ప్రకారం చెప్పి అరెస్టు అయ్యారు. నోరు విప్పకపోతే ప్రయాణం సాఫీగా సాగిపోయేది. 1896లో సుప్రీం కోర్టు ఆయనకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పిందన్నది వేరే సంగతి.

వాల్టర్ వైట్ నీలి కళ్లు, లేత జుట్టుతో చూడగానే తెల్లవారనిపించే మనిషి. నల్లవారి పౌరహక్కుల సంస్థ అయిన ఎన్‌ఏఏసీపీ తరఫున, మూకలు నల్లవారిని చంపిన ఘటనలను దక్షిణాదికి వెళ్లి ఆరా తీశారు. 1919లో అర్కాన్సాలో గుట్టు బయటపడి ఆదరాబాదరాగా రైలెక్కితే, తెల్లవాడిగా తిరుగుతున్న నల్లవాడొకడు ఊళ్లో ఉన్నాడని, వాడిని పట్టుకునే వేడుక చూడకుండానే వెళ్తున్నారేమని కండక్టరు ఆయననే అడిగాడట. ఆయన స్వయంగా రాసుకున్న సంగతి ఇది. చదివినప్పుడల్లా నవ్వాలో వణకాలో తెలియదు.

జవాబు (మసకవెలుగు)

కలరిజం వేళ్లు ఇంతకన్నా లోతైనవి. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అని వర్జీనియా 1662లో చట్టం చేసింది. దాని ఫలితంగా యజమానులు బానిస స్త్రీలపై జరిపిన అత్యాచారాలకు పుట్టిన లేత ఛాయ పిల్లలు కూడా యజమాని ఆస్తి అయ్యారు. వారిలో కొందరికి పొలంలో కాక ఇంట్లో పని, మరికొందరికి విముక్తి, కాస్త చదువు దక్కాయి. బానిసత్వం రద్దయ్యాక ఆ కాస్త ముందంజే సంపదగా, సంఘాల సభ్యత్వంగా, పెళ్లి సంబంధాలలో ఇష్టంగా కొనసాగింది. గోధుమరంగు కాగితపు సంచి కన్నా ముదురు ఛాయగలవారిని కొన్ని విందులలోకి రానివ్వలేదని నల్లజాతి కుటుంబాలలో తరతరాలుగా చెప్పుకుంటారు. 1940లలో మనస్తత్వవేత్తలైన కెనెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లలను తమ బొమ్మకు తామే రంగు వేయమంటే, కొందరు అసలు ఛాయకన్నా లేత రంగు ఎంచుకున్నారు. ఇది చెలామణి కాదు. ఎవరినీ మోసగించే ఉద్దేశం లేని చిన్నపిల్లల చేతి పని.

అందుకే చెలామణి అయినవారిపై కోపం కన్నా, ఎక్కడికీ వెళ్లకుండా లోపలే ఉండి ఛాయను హోదాగా వాడుకున్నవారిపై కోపమే నాకు సబబు అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన (సందేహజీవి)

ధన్యవాదాలు. ముదురు ఛాయగలవారికి ఈ దారి పూర్తిగా మూసుకుపోయినట్లేనా?

జవాబు (పాతపుటలు)

పూర్తిగా కాదు. న్యూయార్క్‌కు చెందిన పాస్టర్ జెస్సీ రౌటే 1943లో అలబామాకు వెళ్లి అవమానాలు ఎదుర్కొన్నారు. 1947లో తలపాగా, అంగరఖా ధరించి, విదేశీ అతిథిలా మళ్లీ అదే రాష్ట్రానికి వెళ్తే, నల్లవారికి ప్రవేశం లేని భోజనశాలల్లోనే ఆయనకు మర్యాదగా వడ్డించారు. మేని రంగు నాలుగేళ్ల కిందటిదే. మారినది తలమీది గుడ్డ ఒక్కటే.