వాసన గురించి వార్త ఎలా రాయాలి? డెస్క్ కొట్టేస్తోంది

ప్రశ్న (పేపర్‌కు వార్తలు పంపే మండల కంట్రిబ్యూటర్, మిర్యాలగూడ దగ్గర):
అన్నా, మా దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లు వడ్లు నానబెట్టిన నీళ్లను ఊరి కాలువలోకి వదులుతోంది. "తీవ్ర దుర్గంధంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి" అని రాసి పంపాను. డెస్క్ (ఆఫీసులో వార్తలు దిద్దేవాళ్లు) ఆ లైన్ తీసేసి ఎక్కడో మూలన నాలుగు లైన్లు వేసింది. అసలు సమస్యే వాసన, అది ఫోటోలో రాదు కదా, ఎట్లా చూపించాలి? 'అవినీతి కంపు' అని హెడ్డింగ్ పెట్టొచ్చా?

జవాబు (నల్గొండ, డెస్క్‌లో పనిచేసినాయన):
తమ్మీ, చెత్తకుప్పకూ తీవ్ర దుర్గంధమే, మూసీకీ తీవ్ర దుర్గంధమే, అందుకే ఆ లైన్ కొట్టేయడానికి ఎవరూ ఆలోచించరు. ఏ వాసనో చెప్పు. నానబెట్టిన నీళ్లు నిల్వ ఉంటే ముందు పులిసిన గంజిలా వస్తుంది, తర్వాత కుళ్లు వాసనకు తిరుగుతుంది. నీళ్లు వదిలే టైమ్‌కే వస్తుందా, గాలి ఎటు తిరిగితే ఏ వాడకు కొడుతుంది, ఎవరు తలుపులు మూసుకుని అన్నం తింటున్నారు, ఇవి కనుక్కుని వాళ్ల మాటల్లోనే రాయి. అప్పుడు దుర్గంధం అన్న మాటే అక్కర్లేదు.

బండి దిగంగనే నోట్ చేసుకో, కాసేపటికి ముక్కు అలవాటు పడి వాసన తగ్గినట్టు అనిపిస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే మాత్రం దూరంగా ఉండు. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కావచ్చు, మోతాదు బాగా పెరిగితే ముక్కు దాన్ని పట్టలేదు, ప్రాణం మీదికి వస్తుంది. వాసన ఆగింది కదా అని మ్యాన్‌హోల్ మీదికి అస్సలు వంగొద్దు.

జవాబు (మహబూబ్‌నగర్, ఫ్రీలాన్సర్):
ముక్కునే నమ్ముకోకు తమ్ముడూ. మీ జిల్లాలో తరాలుగా ఎముకలు వంచిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, పరీక్ష చేస్తేనే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందో లేదో తెలిసేది. కాబట్టి వాసన వస్తోంది కాబట్టి విషం అని రాయకు, వాసన లేదు కాబట్టి మంచినీళ్లే అనీ రాయకు. నీళ్ల పరీక్ష రిపోర్టు, మిల్లు వాళ్ల వివరణ రెండూ ఉండాలి.

ఇంకోటి, ఇది నాకు చాలా ముఖ్యం. 'ఫలానా వాడ కంపు కొడుతోంది' అని రాస్తాం చూడు, అది అక్కడుండే మనుషులకు అంటుకుంటుంది, అందులోనూ ఊరి చివరి వాడలకు. డ్రైనేజీ ఎప్పటి నుంచి తీయలేదు, తీయించాల్సింది ఎవరు, అది రాయి.

జవాబు (నల్గొండ, డెస్క్‌లో పనిచేసినాయన):
హెడ్డింగ్ సంగతి మరిచా. డబ్బులు చేతులు మారినట్టు కాగితం ఉందా? లేకుంటే 'అవినీతి కంపు' వద్దు, లీగల్ నోటీసు వస్తే తిరగాల్సింది నువ్వే. పైగా నీ వార్తలో నిజమైన వాసన ఉంది, పక్కనే అలంకారం కంపు పెడితే చదివేవాళ్లు కాలువ వాసనను కూడా అలంకారమే అనుకుంటారు. 'ఆరోపణలు గుప్పుమన్నాయి' అని కూడా వద్దు, ఆరోపించింది ఎవరో పేరు పెట్టి రాయి.

ప్రశ్న అడిగిన కంట్రిబ్యూటర్:
సరే అన్నా, సరే అక్కా. రేపు నీళ్లు వదిలే టైమ్‌కే పోతా. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

జవాబు (మహబూబ్‌నగర్, ఫ్రీలాన్సర్):
కాలుష్య నియంత్రణ మండలికి. ఊరోళ్లతో రాతపూర్వకంగా ఇప్పించు, తీసుకున్నట్టు రసీదు అడుగు. ఆ రసీదు తేదీ నీ ఫాలోఅప్‌లో పనికొస్తుంది.