సమస్య: వీసమెత్తు తగ్గ వీశె పెరిగె

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. వీసం పదహారో వంతు. వీశె 120 తులాలు, అంటే సుమారు 1.4 కిలోలు. పూరించండి.
– నిర్వాహకుడు, నెల్లూరు

కందుకూరు అక్కయ్య:

పంతమింత వీడి వదిన పలుకరించె,
అలుకలన్ని కరిగె నంతలోనె;
మాటలోని కరకు, మనసులో ప్రేమయు
వీసమెత్తు తగ్గ, వీశె పెరిగె.

నిర్వాహకుడు: క్రమాలంకారం ముచ్చటగా ఉందమ్మా. కరకు తగ్గింది, ప్రేమ పెరిగింది. కాకపోతే మీ వీసమెత్తు "కాస్త" అనే అర్థంలోనే ఆగింది. "వీసమెత్తు అనుమానం లేదు" అంటామే, ఆ వాడుక. దేంట్లో పదహారో వంతో చెప్పనిదే అది కొలత కాదు, మాటవరస.

కావలి రొయ్యల రైతు: మొదటి పాదమే వచ్చిందండీ. "చెరువులోని రొయ్య నూరు కౌంటున నుండె". చెరు–నూరు ప్రాసయతి, రెండో అక్షరం "ర" కలిసింది.

నిర్వాహకుడు: కుదరదు. ప్రాసయతిలో వాటి ముందక్షరాలు రెండూ లఘువులో, రెండూ గురువులో కావాలి; "చె" లఘువు, "నూ" గురువు. "ఊరి చెరువు రొయ్య" అని ఎత్తుకోండి, ఊరి–నూరు సరిపోతుంది. అయినా కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని కదా, వీసాన్ని ఎక్కడ ఇరికిస్తారో చూడాలి.

ఒంగోలు లెక్కల మాస్టారు:

బాన బెల్ల మింట పదునైదు వీశెలే,
రాయి యరిగి పోయె రచ్చకాడ;
అచటి తక్కెడందు నవి పదారయ్యెరా!
వీసమెత్తు తగ్గ వీశె పెరిగె.

రైతు: పదహారో వంతు తగ్గితే 16 కాస్తా 17 కావాలి గదా మాస్టారూ?

మాస్టారు: 15 పెట్టింది అందుకేనయ్యా. అరిగిన రాయి 16 పాళ్లలో 15 పాళ్లే. 15 వీశెల సరుకు దాంతో తూస్తే సరిగ్గా 16 సార్లు తూగుతుంది. కొన్నవాడికి ఒక వీశె నామం.

నిర్వాహకుడు: ఇక్కడ వీసం నిజంగా వీసమే. తీసేసి "కొంత" అని పెట్టండి, లెక్క పడిపోతుంది. "తక్కెడందు" మాత్రం నాకు రుచించలేదు, "తక్కెడయందు" అనాలి. గణం కోసం నలిపారు.

అక్కయ్య: మా ఇంట్లో ఈసమెత్తు అనేవాళ్లు. అలా రాస్తే యతి పోతుందా అన్నా?

నిర్వాహకుడు: ఈ–వీ కుదరదమ్మా.

అక్కయ్య: వీశెని కూడా ఈశె అనేవాళ్లులే!